స్టీల్ శాఫ్ట్: చేతికి ఏం చెబుతుంది, బంతికి ఏం చేస్తుంది?

భోగాపురం వైపు నుంచి గోల్ఫ్ ఆడాలనుకునేవాళ్లు తగరపువలస, మధురవాడ మీదుగా విశాఖ ముడసర్లోవ దాకా వెళ్లాలి. అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో మొదలైంది. కొత్తగా ఆట పట్టుకున్నవాళ్లకు సొంత సెట్టు కొనే రోజు రాగానే ఒక సందేహం పట్టుకుంటుంది: ఐరన్ క్లబ్బులకు స్టీల్ శాఫ్టా (క్లబ్ కడ్డీ), గ్రాఫైట్ శాఫ్టా? స్టీలైతే బంతి నిజంగానే వేరుగా ఎగురుతుందా? చేతికి తెలిసే తేడా చాలా ఎక్కువ, బంతి దారిలో వచ్చే తేడా మాత్రం తక్కువ. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది తమకు నప్పని శాఫ్ట్ కొంటున్నారు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు స్టీల్ ఎందుకు వచ్చింది?

ముడసర్లోవ క్లబ్ పుట్టిన కాలంలో శాఫ్టులన్నీ కర్రవే. ఎక్కువగా హికరీ చెట్టు కర్ర వాడేవారు. ఏ రెండు కర్రలూ ఒకేలా వంగవు. పైగా కర్ర వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. దాంతో బంతిని కొట్టే హెడ్ ముఖం ఆటగాడు అనుకున్న చోటికి కాకుండా పక్కకు తిరిగిపోయేది. స్టీల్ గొట్టం మెలి తిరగడం బాగా తక్కువ. ఒకే కొలతతో వందలు తయారు చేయవచ్చు. గోల్ఫ్ నియమాలు చూసే, సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ సంస్థ 1929లో స్టీల్‌కు అనుమతినిచ్చింది. మరుసటి ఏడాది అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ కర్ర శాఫ్టులతోనే నాలుగు పెద్ద పోటీలూ గెలిచాడు. 1931లో బిల్లీ బర్క్ స్టీల్ శాఫ్టులతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత కర్ర నిలవలేదు. స్టీల్ ఇచ్చిన అసలు మేలు దూరం కాదు, నిలకడ. ఒక సెట్టులోని ఐరన్లన్నీ ఒకే తీరుగా పలకడం అప్పుడే మొదలైంది.

దెబ్బ తగిలే క్షణంలో శాఫ్ట్ ఏం చేస్తుంది?

దాదాపు ఏమీ చేయదు. హెడ్, బంతి ఒకదానికొకటి ఆనుకుని ఉండేది సెకనులో రెండు వేలో వంతు మాత్రమే. అంత తక్కువ సమయంలో మీ చేతుల బలం సన్నటి శాఫ్ట్ గుండా హెడ్‌కు చేరి దెబ్బను మార్చలేదు. ఆ క్షణాన బంతిని కొట్టేది హెడ్ ఒక్కటే. దాని వేగం, అది కదిలే దారి, వాలు, ముఖం చూసే దిక్కు, బంతి తగిలిన చోటు, ఇవే బంతి దారిని నిర్ణయిస్తాయి. శాఫ్ట్ పని అంతకుముందే అయిపోతుంది. హెడ్‌ను ఏ వేగంతో, ఏ వాలులో బంతి దగ్గరకు తెచ్చిందన్నదే దాని వాటా.

మరి బంతి ఎత్తు ఎలా మారుతుంది?

కిందికి దిగే స్వింగ్ మొదట్లో హెడ్ వెనకబడుతుంది, శాఫ్ట్ వెనక్కి వంగుతుంది. బంతి దగ్గరకొచ్చేసరికి వేగం పెరిగి హెడ్ బయటికి లాగుతుంది. హెడ్ బరువు శాఫ్ట్ గీతకు కాస్త పక్కన ఉంటుంది కాబట్టి, ఆ లాగుడుకు శాఫ్ట్ కొస ముందుకు వంగుతుంది. కొస ఎంత ముందుకు వంగితే హెడ్ ముఖం అంత పైకి చూస్తుంది, బంతి అంత ఎత్తు లేస్తుంది.

కొస గట్టిగా ఉన్న బరువైన స్టీల్ శాఫ్ట్ ముందుకు వంగేది తక్కువ. అందుకే బంతి కొద్దిగా కిందుగా, కాస్త తక్కువ స్పిన్‌తో వెళ్తుంది. కొస మెత్తనిదైతే ఇది తలకిందులవుతుంది. అయితే ఒకే హెడ్‌తో, ఒకే ఆటగాడి చేతిలో ఈ తేడా సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలు దాటదు. బంతి బాగా ఎత్తుగా లేస్తోందంటే ముందు చూడాల్సింది హెడ్ లాఫ్ట్ (ముఖం వాలు), దెబ్బ తగులుతున్న చోటు. ఆ తర్వాతే శాఫ్ట్.

చేతికి అంత తేడా ఎందుకు తెలుస్తుంది?

మొదటి కారణం అదురు. స్టీల్ అదురును తనలో ఇముడ్చుకోదు, ఉన్నదున్నట్టు గ్రిప్ దాకా మోసుకొస్తుంది. బంతి హెడ్ నడిమధ్య తగిలితే చేతికి దాదాపు ఏమీ తెలియదు. హెడ్ అంచు వైపు తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. గ్రాఫైట్ ఆ అదురును కొంత మింగేస్తుంది. స్టీల్ మోసుకొచ్చే ఆ కబురు మీకు అందేసరికి బంతి గాలిలో ఉంటుంది కాబట్టి, అది ఆ దెబ్బను బాగుచేయలేదు. తర్వాతి దెబ్బకు మాత్రం మంచి పాఠం. నేర్చుకునేవాళ్లకు స్టీల్ చేసే పెద్ద ఉపకారం ఇదే. మోచేయి, మణికట్టు నొప్పులున్నవాళ్లకు అదే అదురు శిక్ష అవుతుంది. అలాంటివాళ్లు గ్రాఫైట్ తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

రెండో కారణం బరువు. డైనమిక్ గోల్డ్ వంటి పేరున్న స్టీల్ శాఫ్ట్ 130 గ్రాముల దాకా తూగుతుంది. నిప్పన్ 950 వంటి తేలిక స్టీల్ వంద గ్రాముల లోపే ఉంటుంది. ఐరన్లకు వాడే గ్రాఫైట్ శాఫ్టులు చాలావరకు ఇంకా తేలిక. మన ఉత్తరాంధ్రలో కావిడి మోసినవాళ్లకు తెలుసు: బద్ద ఊపు నడకతో కలిస్తే బరువు తెలియదు, కలవకపోతే ప్రతి అడుగూ భారమే. శాఫ్ట్ కూడా అంతే. మీ స్వింగ్ లయకు మించిన బరువైతే చివరి హోల్స్‌కు వచ్చేసరికి చేతులు అలిసి హెడ్ వెనకబడుతుంది. మరీ తేలికైతే చేతులు తొందరపడతాయి.

సముద్రపు గాలిలో ఏది మేలు?

ప్రొఫెషనల్ ఆటగాళ్లు కొట్టే 7 ఐరన్ బంతి నిమిషానికి సుమారు 7,000 సార్లు వెనక్కి తిరుగుతుంది. ఎదురుగాలి వీస్తే ఆ స్పిన్నే బంతిని పైకి లేపి ముందుకు పోనివ్వదు. మన తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఆడేవాళ్లకు, స్వింగ్ వేగం బాగా ఉంటే, కొస గట్టిదైన స్టీల్ కొంత సాయం చేస్తుంది. వేగం తక్కువైనవాళ్లు అదే శాఫ్ట్ పడితే బంతి చాలినంత ఎత్తు లేవదు, గ్రీన్ మీద ఆగదు.

తుప్పు మాట మరవకూడదు. స్టీల్ శాఫ్ట్ పైన నికెల్, క్రోమ్ పూత ఉంటుంది. గొట్టం లోపలి వైపుకు ఆ కాపు అంతగా ఉండదు. గ్రిప్ చివరి చిన్న కన్నంలోంచి తేమ లోపలికి దిగుతుంది. ఉప్పుగాలి ఉన్న ఊళ్లో ఆట అయ్యాక పొడిగుడ్డతో తుడవాలి, బ్యాగును తడిగా కారు డిక్కీలో వదిలేయకూడదు. పాత సెట్టు కొనేటప్పుడు శాఫ్ట్‌ను ఊపి చూడండి. లోపల గరగరమంటే తుప్పు పొలుసో, ఊడిన జిగురు ముక్కో ఉన్నట్టు.

ఎలా ఎంచుకోవాలి?

తెలుగు మూలాలున్న మన గోల్ఫర్ సాహిత్ తీగల 2023లో అమెరికాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు కదా అని అతని సెట్టే కొనక్కర్లేదు. అతని స్వింగ్ వేగం అతనిది.

ఒకే హెడ్, రెండు రకాల శాఫ్టులు ఉన్న 7 ఐరన్లు సంపాదించండి. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత హెడ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. గీత హెడ్ ముఖం మీద అచ్చు పడుతుంది. అచ్చు ఎక్కడ పడిందో చూసి తుడిచి, మళ్లీ కొట్టండి. అన్నిటికంటే దూరం వెళ్లిన బంతిని లెక్కలోకి తీసుకోకండి. బంతులన్నీ ఎంత దగ్గరగా పడ్డాయో, అచ్చులు ఎంత ఒకే చోట పడ్డాయో చూడండి. అలిసిపోయాక ఇంకోసారి ఇదే చేయండి. అప్పుడు కూడా అచ్చులు మధ్యలోనే పడుతున్న శాఫ్ట్ మీది. దాని మీద ఏ పేరున్నా, అది స్టీలైనా గ్రాఫైటైనా, డబ్బు దానికే పెట్టండి.