తెలుగులో సైన్సు వ్యాసాలు: మన కాలేజీ పిల్లలు చేయగల సేవ

దాతల సాయంతో డిగ్రీ దాకా వచ్చిన పిల్లలు తిరిగి సమాజానికి ఏమిస్తారని చాలామంది పెద్దలు అడుగుతుంటారు. ఉద్యోగం వచ్చాక ఇస్తారన్నది మామూలుగా చెప్పే జవాబు. ఉద్యోగం దాకా ఆగనక్కర లేని పని ఒకటి ఉంది. అది వికీపీడియాలో సైన్సు విషయాలను తెలుగులో సరిగా రాయడం.

వికీపీడియా అంటే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునే విజ్ఞాన సర్వస్వం. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగులోనూ వచ్చింది. అందులో ప్రకటనలు ఉండవు. విరాళాలతో నడుస్తుంది. రాసేవారికి పైసా ముట్టదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. తెలుగులో ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. అయితే వాటిలో గ్రామాల గురించి, సినిమాల గురించి, వ్యక్తుల గురించి రాసినవే చాలా ఎక్కువ. సైన్సు వ్యాసాల్లో నాలుగు వాక్యాలతో ఆగిపోయినవి ఎన్నో ఉన్నాయి. అలాంటి చిన్న వ్యాసాన్ని అక్కడ 'మొలక' అంటారు. మొలకను చెట్టు చేసేవాళ్లు కావాలి.

దీనివల్ల ఎవరికి మేలు? ఒక ఉదాహరణ చూద్దాం. మనకు పొరుగున ఉన్న పాత నల్లగొండ జిల్లాను ఫ్లోరైడు నీరు ఎంత బాధ పెట్టిందో అందరికీ తెలుసు. రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భ జలంలో కరిగి బోరు నీటిలోకి వస్తుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గార మచ్చలు పడతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ఈ నాలుగు మాటలు తెలుగులో, ఆధారాలతో, ఫోన్‌లో దొరికితే ఒక తల్లికి ఉపయోగం, ఒక పదో తరగతి పిల్లకు ఉపయోగం.

విద్యార్థులతో ఇలాంటి పని చేయించడం కొత్త కాదు. అమెరికాలో వికీ ఎడ్యుకేషన్ అనే సంస్థ 2016ను సైన్సు సంవత్సరంగా తీసుకుంది. యూనివర్సిటీ విద్యార్థులు తమ కోర్సులో భాగంగానే సైన్సు వ్యాసాలను మెరుగుపరిచారు. నీల్ థాంప్సన్, డగ్లస్ హాన్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో పరీక్ష చేశారు. పెద్ద తరగతుల విద్యార్థులతో కెమిస్ట్రీ వ్యాసాలు రాయించి, వాటిలో సగమే వికీపీడియాలో పెట్టారు. పెట్టిన వ్యాసాల్లోని మాటల ప్రభావం తర్వాత వచ్చిన పరిశోధన పత్రాల్లోనూ కనిపించిందని 2017లో తేల్చారు. శాస్త్రవేత్తలే చదువుతున్నారంటే, మన పిల్లలు చదవడంలో వింత ఏముంది?

మన దగ్గరా జరిగింది. బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2014లో విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలతో కలిసి, అక్కడి విద్యార్థులకు, అధ్యాపకులకు తెలుగు వికీపీడియాలో రాయడం నేర్పింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ వాసుదేవ వర్మ ఆధ్వర్యంలో తెలుగు వ్యాసాలను పెద్ద ఎత్తున పెంచే ప్రాజెక్టు నడిచింది.

ఇంకా వెనక్కి వెళితే, ఉస్మానియా యూనివర్సిటీని ఉర్దూ మాధ్యమంలో నడపడానికి 1917లోనే హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, వైద్యం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వేసింది. అప్పట్లో దానికి ప్రభుత్వం, అచ్చుయంత్రం కావలసి వచ్చాయి. ఇప్పుడు ఒక ఫోను, కొంత ఓపిక చాలు.

అయితే నియమాలున్నాయి. రాసిన ప్రతి ముఖ్యమైన విషయానికి నమ్మదగిన పుస్తకమో పత్రికో ఆధారంగా చూపాలి. సొంత అభిప్రాయం రాయకూడదు. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయకూడదు, అది కాపీరైటు తప్పు. కంప్యూటరు చేసిన అనువాదాన్ని దిద్దకుండా పెట్టకూడదు. ముందుగా 'ప్రయోగశాల' అనే పేజీలో రాసి సరిచూసుకోవచ్చు. ఎవరు ఏ మార్పు చేశారో 'చరిత్ర'లో కనిపిస్తుంది. పొరపాటు ఉంటే చర్చ పేజీలో పెద్దలు చెబుతారు. సందేహాలు అడగడానికి 'రచ్చబండ' అనే పేజీ కూడా ఉంది.

రాసే విద్యార్థికీ లాభమే. పరీక్షకు బట్టీ పట్టిన కిరణజన్య సంయోగక్రియను ఊళ్లో వాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాయమంటే, తనకు ఎంతవరకు తెలుసో అప్పుడే బయటపడుతుంది. ఆధారం వెతకడం, నిజాన్ని వదంతి నుంచి వేరు చేయడం అలవాటవుతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చిన మన పిల్లలకు మూడు భాషలూ చేతిలో ఉన్నాయి. వాళ్లు ఇదే సేవ ఉర్దూ వికీపీడియాలోనూ చేయవచ్చు.

దాతలు చేయవలసింది పెద్దదేమీ కాదు. స్కాలర్‌షిప్ అందుకునే ప్రతి సైన్సు విద్యార్థినీ ఏడాదికి ఒక్క వ్యాసం పూర్తి చేయమని అడగండి. వేసవి సెలవుల్లో రెండు రోజుల శిక్షణకు ఒక గది, నెట్ సదుపాయం, రాసింది చూసి దిద్దే ఒక లెక్చరర్ ఉంటే చాలు. ఎన్ని వ్యాసాలు అన్నది ముఖ్యం కాదు. తప్పు లేని వ్యాసాలు పది ఉన్నా మేలే. మనం ఫీజు కడితే ఒక పిల్లవాడు చదువుకుంటాడు. ఆ పిల్లవాడు సరిగా రాసిన ఒక్క వ్యాసాన్ని మనకు తెలియని ఊళ్లలోని పిల్లలు కూడా చదువుకుంటారు.