పెద్ద చేప గుంజినా గాలం దారం ఎందుకు తెగదు?

1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే యువ రైతు పది కిలోలు దాటిన బాస్ చేపను గాలంతో పట్టాడు. అంత చేప ఒక్కసారిగా గుంజితే సన్నటి దారం తెగిపోవాలి కదా!

గాలిపటం ఎగరేసేవాళ్లకు దీని గుట్టు తెలుసు. గాలి గట్టిగా లాగినప్పుడు చరఖాను బిగించి పట్టుకుంటే దారం పుటుక్కుమంటుంది, కాస్త వదిలితే నిలుస్తుంది. గాలం రీలులో ఆ వదిలే పని ‘డ్రాగ్’ చేస్తుంది. లోపల ఒకదానిపై ఒకటి పేర్చిన బిళ్లలుంటాయి. మర బిగించేకొద్దీ వాటి మధ్య రాపిడి పెరుగుతుంది. చేప లాగే బలం ఆ రాపిడిని మించగానే బిళ్లలు జారతాయి, దారం జర్రున బయటికి పోతుంది. అలా లాగి లాగి చేపే అలసిపోతుంది. దారం తట్టుకునే బరువులో సుమారు మూడో వంతు లాగుడుకే జారేలా చాలామంది మర బిగిస్తారు.

దారాల్లోనూ తేడాలున్నాయి. నైలాన్ సాగుతుంది, కుదుపును తనే మింగేస్తుంది. అల్లిన దారం దాదాపు సాగదు, చేప ఎరను ముట్టగానే వేళ్లకు తెలిసిపోతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది, నైలాన్ కంటే తక్కువగా కనబడుతుంది.

కొత్తవాళ్లకు స్పిన్నింగ్ రీలే మంచిది. ఎర విసిరేటప్పుడు దాని చుట్ట తిరగదు, దారం అంచు మీదుగా ఊడిపోతుంది. బెయిట్‌కాస్టర్ అనే మరో రకం రీలులో చుట్టే తిరుగుతుంది. ఎర నీళ్లను తాకే సమయానికి దాన్ని బొటనవేలితో ఆపకపోతే దారం పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది.

తెగిన దారం ముక్కల్ని మాత్రం ఒడ్డున వదలకండి. అవి పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.