మూసీ యొడ్డున ఒక దినము

హైదరాబాదునకు వినోదయాత్రకై వచ్చువారిలో పెక్కుమంది సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు పోవుదురు. మూడవ సాలార్‌జంగు సేకరించిన కళాఖండములతో 1951లో వెలసిన ఈ శాల, 1968లో మూసీనది దక్షిణపు టొడ్డుననున్న నేటి భవనమునకు మారినది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రెబెక్కా విగ్రహము మోముపై పలుచని మేలిముసుగు గలదు. ముసుగును చలువరాయియే, మోమును చలువరాయియే! అయినను బాలురు గుమిగూడునది గడియారము కడనే. గంటగంటకు అందుండి ఒక చిన్నబొమ్మ వెలుపలికి వచ్చి గంట మ్రోగించును.

అలసినవారు చార్మినారు వైపు నడచి ఇరానీ హోటళ్లలో తేనీరు త్రాగుదురు. డికాక్షనును, చిక్కగా మరగిన పాలను వేరువేరుగా కాచి కప్పులో కలుపుటయే దాని రుచికి మూలము. తోడుగా తీపియు నుప్పును గలిసిన ఉస్మానియా బిస్కట్టు ఉండవలెను.

నది దాటి చింతచెట్టును చూడబోవువారు మాత్రము తక్కువ. అది ఆవలి యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్నది. ఆనాడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మల నాశ్రయించి ప్రాణములు దక్కించుకొనిరి. చుట్టును వరద; పైని అంత బరువు; అయినను చెట్టు కూలలేదు.

అట్టి యాపద మరల రాకుండుటకై, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి నది యెగువను ఆనకట్ట కట్టిరి. 1920లో పూర్తియైన ఆ జలాశయమే గండిపేట చెరువు. నేడు ఆదివారములందు కుటుంబములు అచట చాపలు పరచుకొని పులిహోర పొట్లములు విప్పుచుండును.