నొప్పి మాత్రలు: మానడానికీ ఒక పద్ధతుంది

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా తోటికోడలు నాకంటే పెద్దది. అక్కయ్యా అనే పిలుస్తాను. ఆవిడ ఒకసారి స్నానాలగదిలో జారిపడింది. నడుం దగ్గర డిస్కు పక్కకు జరిగిందన్నారు. డాక్టరుగారు పదిరోజులకని ట్రమడాల్ అనే నొప్పి మందు రాసిచ్చారు, రోజుకు రెండు కాప్సూల్స్. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. పదిరోజులయ్యాక ఆపితే మళ్ళీ పోటు. మా బావగారు పాత చీటీ పట్టుకెళ్ళి వీధి చివర మందుల షాపులో ఇంకో అట్ట తెచ్చారు. ఆ తర్వాత షాపువాడు చీటీ అడగడం కూడా మానేశాడు. ఏడాది తిరిగేసరికి రెండు కాస్తా నాలుగయ్యాయి.

ఒకనాడు ఎవరో, "అవి అలవాటు పడే మందులు, జాగ్రత్త" అన్నారు. అక్కయ్యది మొదటినుంచీ పట్టుదల మనిషి. ఆ సాయంత్రమే అట్టలన్నీ పెరట్లో చెత్తడబ్బాలో పారేసింది. మర్నాటికి ముక్కు కారడం, ఆగని ఆవలింతలు, ఒళ్ళంతా గగుర్పాటు. కాళ్ళు ఒకచోట నిలవవు. విరేచనాలు. కంటిమీద కునుకు లేదు. పడిశంతో జ్వరం వస్తోందనుకుని నేను మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఆ రాత్రి రెండుగంటలవేళ పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. అక్కయ్య చెత్తడబ్బాలో ఆ అట్టలు వెతుక్కుంటోంది. నన్ను చూసి భోరున ఏడ్చింది. "నేనూ తాగుబోతుల్లో కలిసిపోయానుటే?" అంది.

కలిసిపోలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, మర్నాడు డాక్టరుగారు చెబితే తెలిసింది. నాకు తెలిసింది మీకూ చెబుదామనే ఈ ప్రసంగం.

ముందు ఏ మందుల సంగతి మాట్లాడుతున్నామో చూడండి. నల్లమందు నుంచి తీసిన మార్ఫీన్, కోడీన్. అదే తీరులో పనిచేసేట్టు తయారుచేసిన ట్రమడాల్, టపెంటడాల్. చర్మంమీద అతికించే ఫెంటనిల్ పట్టీలు. ఇవి ఒక జాతి. మామూలుగా మనం వాడే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఈ జాతివి కావు. అయితే ఒకే మాత్రలో ట్రమడాల్, పారాసెటమాల్ కలిపి కూడా అమ్ముతారు. అంచేత కంపెనీ పెట్టిన పేరు కాదు, అట్టమీద ఉన్న అసలు మందు పేరు చదవాలి.

ఇవి మానేస్తే ఒళ్ళెందుకంత గోల చేస్తుంది? పక్కింట్లో పెళ్ళి, మైకు హోరు అనుకోండి. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే గొంతు పెంచాలి. కాసేపటికి అదే అలవాటైపోతుంది. ఉన్నట్టుండి మైకు ఆగిపోతే మన అరుపు మాత్రం ఇల్లంతా ఖంగుమంటుంది. ఈ మందులు నరాలను జోకొడతాయి. వారాల తరబడి రోజూ వేసుకుంటుంటే, ఆ జోకొట్టుడుకు ఎదురుగా శరీరం తన గొంతు పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ పెంచిన గొంతే చెమటగా, గుండెదడగా, కడుపునొప్పిగా, నిద్రలేమిగా బయటపడుతుంది. ట్రమడాల్ విషయంలో ఇంకో చిక్కుంది. అది మనసుకు సంబంధించిన కొన్ని నరాల రసాయనాలమీద కూడా పనిచేస్తుంది. అందుకే మానినప్పుడు కొందరికి విపరీతమైన కంగారు, ఒంట్లో కరెంటు పాకినట్టు జలదరింపు కూడా ఉంటాయి.

దీన్ని శరీరం అలవాటుపడటం అంటారు. వ్యసనం వేరు. హాని జరుగుతోందని తెలిసీ ఆగలేకపోవడం, నొప్పి లేకున్నా మత్తుకోసం వెతుక్కోవడం వ్యసనం. అదీ తిట్టవలసిన తప్పు కాదు, వైద్యం చేయవలసిన జబ్బే. మూడు నాలుగు రోజులు వాడి మానేస్తే సాధారణంగా ఏ ఇబ్బందీ రాదు. వారాలు, నెలలు రోజూ వాడితే మాత్రం ఎంత నిష్ఠగల మనిషికైనా ఒళ్ళు అలవాటుపడుతుంది.

కాబట్టి మొదటి మాట: నెలల తరబడి వాడుతున్న మందును ఒక్కరోజులో ఆపకండి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమే హెచ్చరించింది. హఠాత్తుగా ఆపినవారిలో భరించలేని నొప్పి, మనోవ్యధ, ఆత్మహత్యల వరకూ వెళ్ళిన సంఘటనలు ఉన్నాయని చెప్పింది. ప్రెషర్ కుక్కర్ స్టవ్ మీంచి దించగానే మూత లాగుతామా? ఆవిరి పోనిస్తాం. ఇదీ అంతే.

ఎంత నెమ్మదిగా? అమెరికాలోనే సి.డి.సి. అనే ఆరోగ్య సంస్థ 2022లో డాక్టర్లకు ఇచ్చిన సూచనల ప్రకారం, ఏడాదీ ఆ పైనా వాడినవారికి నెలకు నూటికి 10 వంతులు, లేదా ఇంకా నిదానంగా తగ్గిస్తే తట్టుకోవడం తేలిక. కొన్ని వారాలే వాడినవారికి ఇంతకంటే త్వరగా తగ్గించవచ్చు. ఎవరి లెక్క వారిది.

అక్కయ్యకు డాక్టరుగారు కాగితంమీద వేసిచ్చిన లెక్క చెబుతాను. ఆవిడ వేసుకునేవి నాలుగు 50 మిల్లీగ్రాముల కాప్సూల్స్, అంటే రోజుకు 200. కాప్సూల్‌ను సగం చేయలేం. అందుకని ఒక కాప్సూల్ బదులు 37.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చారు. మొత్తం 187.5 అయింది. నెల తర్వాత రెండో కాప్సూల్ కూడా మార్చితే 175. అలా నాలుగు నెలలకు 150కి దిగింది. అక్కణ్ణుంచి ఇంకా చిన్న మోతాదులకు మార్చారు. మధ్యలో ఒక నెల ఇబ్బందిగా ఉందంటే తగ్గించకుండా ఉన్నచోటే ఆపారు. "ఆగడం ఓటమి కాదమ్మా, మెట్టుమీద కాస్త కూర్చోవడం" అన్నారు. చివరి మెట్లే కష్టం. మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది.

ఇది ఆవిడ లెక్క. మీరు దీన్నే పట్టుకుని సొంతంగా మొదలుపెట్టకండి. నిద్రమాత్రలో, దిగులుకు మందులో వాడుతుంటే, మూర్ఛ ఉంటే, గర్భవతులైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భిణులు ఉన్నపళంగా మానితే కడుపులో బిడ్డకు ప్రమాదం. ఇంకో మాట. ఎక్కువసేపు పనిచేసేట్టు తయారుచేసిన మాత్రలను విరవకూడదు, నూరకూడదు. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది.

తగ్గించే రోజుల్లో నొప్పి పెరిగినట్టనిపిస్తే వెంటనే "నా పాత నొప్పి తిరగబెట్టింది" అనుకోకండి. నడుంతోబాటు కీళ్ళన్నీ లాగుతూ, ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు కూడా ఉంటే అది చాలావరకు మందు తగ్గినందువల్ల వచ్చిన నొప్పి. మామూలుగా కొన్నిరోజుల్లో సర్దుకుంటుంది. అంతవరకూ ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, నీళ్ళు తరచుగా తాగాలి. వేడినీళ్ళ స్నానం, నడుంకు వేడి కాపడం, పూటకు కాస్త నడక మేలు చేస్తాయి. నిద్ర పట్టడంలేదని పక్కింటివారి నిద్రమాత్ర మాత్రం అరువు తెచ్చుకోవద్దు. చెమటకూ, దడకూ, విరేచనాలకూ డాక్టరు దగ్గర వేరే మందులున్నాయి. పారాసెటమాల్ వాడుకుంటే, కలిపిన మాత్రల్లోదీ, జలుబు మాత్రల్లోదీ కూడా లెక్కలో వేసుకోవాలి. రోజుకు అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. మందు తగ్గించాకగానీ, మానేశాకగానీ ఎప్పుడైనా నొప్పి భరించలేక పాత మోతాదు వేసుకోకండి. ఒళ్ళు ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది. నిరుడు ఏమీ చేయని మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేయవచ్చు. నిద్రమాత్రలో, మద్యమో తోడైతే మరీ ప్రమాదం. మనిషి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో మిగిలిన మాత్రలు పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేయాలి.

ట్రమడాల్‌ను 2018లో మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మడం నేరం. తెలిసిన షాపువాడని మొహమాటపెట్టి తెచ్చుకుంటే అది మనకు మనమే చేసుకునే అపకారం. డాక్టరు దగ్గర దాచకుండా, నిజంగా రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో చెప్పండి. తగ్గించి చెబితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. సలహా కావాలంటే మత్తుమందుల విషయానికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తున్నాయి.

ఇదంతా విని కాన్సరు నొప్పితో బాధపడుతున్నవారికి ఇచ్చే మార్ఫీన్ ఆపించకండి. అక్కడ ఆ మందు చేసే ఉపకారం వేరు. భయంతో దాన్ని దాచి మనిషిని బాధపెట్టడం పాపం.

ఇంట్లోవారికీ ఒక మాట. మాత్రలు దాచేయడం, దెప్పడం పనికిరాదు. మా బావగారు మొదట్లో రెండూ చేశారు. తర్వాత ఆయనే క్యాలెండరులో ఏ రోజు ఎన్ని మాత్రలో రాసేవారు. సాయంత్రం కూడా నడకకు వెళ్ళేవారు. అక్కయ్య నడుంనొప్పి పూర్తిగా పోలేదు. వ్యాయామంతో, అప్పుడప్పుడు కాపడంతో నెట్టుకొస్తోంది. కానీ క్యాలెండరులో సున్నా రాసిన రోజున తనే కూర్చుని బొబ్బట్లు చేసింది. మొదటిది నాకే పెట్టింది.