వార్తల్లో పదం: స్లడ్జ్ ప్రొటీన్

మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదే స్లడ్జ్. మురుగును తిని పెరిగిన సూక్ష్మజీవులే ఇందులో ఎక్కువ. అందుకే దీని ఎండు బరువులో సగం దాకా ప్రొటీన్ ఉండొచ్చు. క్షారం కలిపి వేడిచేస్తే కణాలు పగిలి ప్రొటీన్ ద్రవంలోకి వస్తుంది. ఆమ్లం చేర్చి దాన్ని అడుగుకు దించుతారు. ఎరువుగా, మంటలార్పే నురుగుకు ముడిసరుకుగా అది పనికొస్తుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. 1883లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ చూపిన పద్ధతిలో నైట్రోజన్‌ను కొలిచి 6.25తో హెచ్చిస్తారు. ప్రొటీన్‌లో సగటున 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్నదే ఈ లెక్కకు ఆధారం. బురదలోని అమ్మోనియాను మినహాయించకపోతే లేని ప్రొటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది. 2008లో చైనాలో పాలలో నైట్రోజన్ ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపిన కల్తీదారులు వాడుకున్నది నైట్రోజన్ లెక్కలోని ఈ లొసుగునే.

1951లో వెలువడిన లౌరీ పద్ధతిలో నమూనా నీలంగా మారుతుంది. రంగు ముదిరేకొద్దీ ప్రొటీన్ ఎక్కువన్నమాట. అయితే కుళ్లిన జీవపదార్థం నుంచి బురదలో చేరే హ్యూమిక్ పదార్థాలూ అదే రంగునిస్తాయి. కాబట్టి రాగి లవణం కలిపి ఒకసారి, కలపకుండా మరోసారి పరీక్షించి, ఆ రెండు అంకెలనుంచి అసలు ప్రొటీన్‌ను లెక్కగడతారు.

బురద నుంచి తీసిన ప్రొటీన్‌ను ఎరువుగా వాడాలంటే భార లోహాల పరీక్ష కూడా తప్పనిసరి. వ్యర్థం నుంచి సంపద తీస్తున్నామని చెప్పే ప్రతి సంస్థా ఏ పద్ధతిలో కొలిచిందో ప్రజలకు చెప్పి తీరాలి.