నొప్పి తెలియాలని దీవించింది!

‘సల్లగుండు బాబూ... నీకెప్పుడూ నొప్పి తెలియాల!’

ఎవరైనా మీ తల మీద చెయ్యి పెట్టి ఇలా అంటే ఏమనుకుంటారు? నేనైతే తిట్టిందనుకున్నా. అది దీవెన అని అర్థమవడానికి నాలుగు రోజులు పట్టింది. మా ఇంట్లోనే దాని అవసరం పడుతుందని మాత్రం అస్సలు ఊహించలేదు.

నేను బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నా. తీరిక దొరికితే టెక్ బ్లాగ్ రాస్తుంటా. నా ఇంటర్ స్నేహితుడొకడు ఉత్తరాంధ్రలోని ఒక క్రైస్తవ మిషన్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్ట్. కుష్ఠు బాధితుల కోసం ఊరూరా వైద్య శిబిరాలు పెడతారు. ‘రిజిస్ట్రేషన్ అంతా కాగితాల మీదే రా. ఓ యాప్ చేసి పెట్టొచ్చుగా’ అన్నాడు. పది రోజులు సెలవు పెట్టి వెళ్లా. నిజం చెప్పాలంటే సేవ చేద్దామని కాదు. బ్లాగ్‌లో మంచి పోస్ట్ పడుతుంది, రెజ్యూమెలో ఒక లైన్ చేరుతుంది... అంతే లెక్క.

నేను క్రైస్తవుణ్ని కాదు. అక్కడ రోజూ పొద్దున్నే సిబ్బంది ప్రార్థన చేసుకునేవారు. నన్ను రమ్మనీ అనలేదు, రావద్దనీ అనలేదు. ఉప్మా మాత్రం అందరం కలిసే తినేవాళ్లం.

యాప్ ఫెయిల్... మనిషి పాస్

రోగి వేలిముద్ర పెడితే చాలు, పాత రికార్డు మొత్తం తెర మీదికి వచ్చేలా యాప్ తయారు చేశా. మొదటి రోజు వరసలో ముందున్న పెద్దాయనకు స్కానర్ చూపించి ‘వేలు పెట్టండి తాతా’ అన్నా. ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. వేళ్లు సగం వరకే ఉన్నాయి.

ఎవరి కోసం యాప్ చేస్తున్నానో వాళ్ల చేతులు ఎలా ఉంటాయో కనుక్కోకుండానే కోడ్ రాసేశానన్నమాట! స్కానర్ సంచిలోకి వెళ్లింది. నాకు పెన్సిల్, అట్టముక్క ఇచ్చారు. పాదాన్ని అట్ట మీద పెట్టించి చుట్టూ గీత గీయాలి. ఆ కొలతతో ఎంసీఆర్ చెప్పులు కుడతారు. మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరుతో చేసే ఈ చెప్పులు నడిచేటప్పుడు పడే ఒత్తిడిని పాదమంతా పంచుతాయి.

మూడో రోజు ఒక ముసలమ్మ వచ్చింది. కాలు పట్టుకుని చూస్తే అరికాలిలో సగం విరిగిన తుమ్మముల్లు. చుట్టూ చీము. ‘అవ్వా, ముల్లు!’ అని అరిచా. ఆవిడ వంగి చూసుకుని, ‘ఎప్పుడు దిగినాదో నాకైతే తెల్దు బాబూ’ అంది, అది వేరెవరి కాలో అన్నట్టు. నర్సు ముల్లు తీసి కట్టు కట్టేదాకా పక్కనే కూర్చున్నా. వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి అన్న మాటే పైన రాసింది.

సెన్సర్ పోతే...

కుష్ఠు అంటే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని చాలామంది నమ్మకం. నేనూ అలాగే అనుకునేవాణ్ని. అసలు సంగతి వేరు. ఈ బ్యాక్టీరియా నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ పోతుంది. వేడి గిన్నె కాల్చినా, మేకు దిగినా తెలియదు. పుండు పడ్డ కాలితోనే నడుస్తారు. అది ముదిరి ఎముక దాకా వెళ్తుంది.

ఈ విషయాన్ని బలంగా చాటినవారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. మీకు నచ్చే విషయం ఏంటంటే, డాక్టర్ కావడానికి ముందు ఆయన భవన నిర్మాణ పని నేర్చుకున్నారు. 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చి, ముడుచుకుపోయిన చేతులకు స్నాయువులు మార్చి మళ్లీ పని చేసేలా శస్త్రచికిత్సలు చేశారు. నొప్పి మనిషికి దక్కిన వరమని ఆయన చెప్పేవారు.

నా ఉద్యోగం సర్వర్ల మానిటరింగ్. మాకో మొదటి పాఠం ఉంది: అలర్ట్ రాలేదంటే అంతా బాగుందని కాదు, అలర్ట్ పంపే సెన్సరే పోయి ఉండొచ్చు. ఏడో రోజు రాత్రి భోంచేస్తుంటే ముసలమ్మ మాట గుర్తొచ్చి ఒక్కసారిగా వెలిగింది. తనకు లేనిదేదో అదే నాకు ఉండాలని కోరుకుందావిడ!

నాన్న కాలు

చివరి రోజుల్లో నా స్నేహితుడు స్పర్శ పరీక్ష నేర్పించాడు. మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగు ఉంటుంది. అరికాలిలో కొన్ని చోట్ల అది వంగేదాకా ఆనిస్తారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగు కూడా తెలియడం లేదంటే, ఆ పాదానికి రక్షణ పోయినట్టే. ‘ఇది కుష్ఠుకే కాదు, షుగర్ ఉన్నవాళ్లకీ చేస్తాం’ అన్నాడు. వినగానే నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. మా నాన్నకు పద్నాలుగేళ్లుగా షుగర్.

సెలవు ఇంకా రెండు రోజులుంది. నేరుగా ఇంటికి వెళ్లా.

‘నాన్నా, ఒకసారి కాళ్లు చూపించు.’

‘ఏమైందిరా? నాకేం నొప్పి లేదే!’

ఆ మాటకే గుండె జారింది. కుడికాలి బొటనవేలి కింద పెద్ద ఆనెకాయ. మధ్యలో చీలి, లోపల తడిగా ఉంది. ఎన్నాళ్లుగా ఉందో ఆయనకూ తెలియదు, అమ్మకూ తెలియదు. మర్నాడు డాక్టరు శుభ్రం చేసి, ఇన్ఫెక్షన్ ఇంకా ఎముక దాకా వెళ్లలేదన్నారు. ‘ఇంకో నెల ఆగుంటే వేలు తీయాల్సి వచ్చేదేమో’ అని కూడా అన్నారు. మూడు నెలలకు పుండు మానింది. ఇప్పుడు నాన్న మెత్తటి చెప్పులు లేకుండా వరండాలోకి కూడా రారు.

నేను ఆ శిబిరానికి ఇచ్చింది ఎనిమిది రోజులు, కొన్ని పెన్సిల్ గీతలు. తెచ్చుకున్నది మా నాన్న వేలు. ఇందులో ఎవరు ఎవరికి సేవ చేసినట్టు?

అన్నట్టు, యాప్ తర్వాత పూర్తి చేశా. వేలిముద్ర తీసేసి, ప్రతి ఒక్కరికీ ఒక నంబరు కార్డు పెట్టా. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

మీరూ వెళ్తారా?

* ముందు అడగండి, తర్వాత కోడ్ రాయండి. అక్కడ ఏ పని ఆగిపోయిందో సిబ్బందికే బాగా తెలుసు.
* అనుమతి లేకుండా రోగుల ఫొటోలు తీయొద్దు. మీ పోస్ట్ కంటే వాళ్ల మర్యాద ముఖ్యం.
* కుష్ఠుకు భయపడొద్దు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయమవుతుంది. మచ్చ మీద స్పర్శ లేకపోతే వెంటనే చూపించుకోవాలి.
* ఈ రంగం నచ్చితే ఫిజియోథెరపీ, బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉన్నాయి. కృత్రిమ అవయవాలు, ప్రత్యేక పాదరక్షల తయారీ నేర్పే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ కూడా ఉంది.

ఇంట్లో షుగర్ ఉంటే...

* రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. వంగలేనివారికి అద్దం పెట్టండి, లేదా మీరే చూడండి.
* చెప్పులు దులిపి వేసుకోవాలి. ఇంట్లోనూ ఉత్త కాళ్లతో నడవొద్దు.
* ఆనెకాయల్ని బ్లేడుతో కోయొద్దు.
* ఏడాదికోసారైనా డాక్టరుతో స్పర్శ పరీక్ష చేయించాలి.

ఈ పేజీ మడిచి పక్కన పెట్టి, ఓసారి అమ్మానాన్నల కాళ్లు చూడండి. ‘నొప్పేం లేదురా’ అన్నా సరే, చూడండి.