నిద్ర నేర్చిన లినక్సు

విండోసుతో సాయంకాలము వరకు నడచిన ల్యాప్‌టాపు, లినక్సు నెక్కించిన మరునాటినుండి మధ్యాహ్నమునకే చార్జరు కొరకు మొరపెట్టుచున్నదను ఫిర్యాదు, ఆ ఆపరేటింగ్ సిస్టమును చేపట్టినవారి నోట చిరకాలముగా వినవచ్చుచున్నది. యంత్రము అదే, బ్యాటరీ అదే, వ్రాయు ఉత్తరము అదే. మారినదెల్లను లోపలి పరిపాలన మాత్రమే. ఆపరేటింగ్ సిస్టము ఎంత చక్కగా పనిచేయునో చెప్పువారు పెక్కుమంది గలరు గాని, పనిలేని వేళ అది యెంత గాఢముగా నిద్రించునో విచారించువారు అరుదు. ఒక్క చార్జింగుతో యంత్రమెంతసేపు నడచుననునది చాలవరకు ఆ రెండవ విద్యపై నాధారపడియుండుటచేత, లినక్సు దానిని నేర్చిన చరిత్రము చెప్పదగియున్నది.

లెక్క సులభమే. 50 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము 10 వాట్ల చొప్పున విద్యుత్తును వాడుకొన్నచో 5 గంటలు, 5 వాట్లతో సరిపెట్టుకొన్నచో 10 గంటలు నడచును. తెర ఖర్చు కంటికి కనబడునది గనుక వెలుగు తగ్గించి మనమే అదుపుచేయవచ్చును. ప్రాసెసరు ఖర్చు కనబడదు. అది వేగమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమముగా పెరుగును గనుక, వోల్టేజిని సగమునకు దించగలిగినచో వ్యయము నాలుగవ వంతునకు పడిపోవును. ఇంతకన్న గొప్ప యుపాయము ప్రాసెసరును పూర్తిగా నిలిపివేయుట. కీబోర్డుపై మనమొక అక్షరమునొత్తి మరియొక దానినొత్తులోపల గడచిపోవు సెకనులో పదియవ వంతు కాలము, సెకనుకు వందలకోట్ల ఆదేశములను నెరవేర్చు ప్రాసెసరునకు ఒక యుగము. ఆ యుగమంతయు అది మేల్కొని యూరక కూర్చుండునా, లేక తన గడియారమును ఆపి, లోపలి భాగములకు కరెంటు కట్టివేసికొని పరుండునా యనునదే ప్రశ్న.

లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో హెల్సింకి నగరమున లినక్సునకు మూలభాగమైన కెర్నెలును వ్రాయనారంభించినప్పుడు, అతని యెదుటనుండినది 386 ప్రాసెసరు గల బల్లమీది కంప్యూటరు. గోడలోని ప్లగ్గునుండి కరెంటు వచ్చుచుండగా పొదుపు చింత యెవరికి? జపానులో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని విపణిలోనికి తెచ్చినదియు ఆ యేడే. ఒకే యేటి సంతానమైన ఈ రెండింటికిని సఖ్యము కుదురుటకు పదునైదేండ్లకు పైగా పట్టినది. అయినను ఒక విషయమున లినక్సే ముందున్నదని చెప్పక తప్పదు. పనిలేనప్పుడు ఆగి నిలువుమని ప్రాసెసరునకు చెప్పు ‘హాల్ట్’ ఆదేశమును అది తొలినాళ్లనుండియు వాడుచుండగా, విండోస్ 95 వాడలేదు. కొన్ని ల్యాప్‌టాపులు ఆ యాదేశము వినగానే బిగుసుకొనిపోవుచుండుటయే అందులకు కారణము.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏర్పరచిన ఏపీఎం పద్ధతిలో పొదుపు భారమును చాలవరకు, తయారీదారు యంత్రములోనే అమర్చియుంచు మూల ప్రోగ్రామైన బయోసే మోయుచుండెను. 1996 డిసెంబరులో తోషిబాతో గూడి అవి ప్రకటించిన ఏసీపీఐ పద్ధతి ఆ యధికారమును ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించినది. ఏ భాగమును ఏరీతిగా నిద్రపుచ్చవలెనో, మూత మూసినప్పుడేమి చేయవలెనో తెలుపు చిన్నచిన్న ప్రోగ్రాములను తయారీదారు బయోసు పట్టికలలో వ్రాసియుంచును. ఆపరేటింగ్ సిస్టము వానిని చదివి నడిపించుకొనవలెను. నియమము అందరికిని ఒక్కటేగాని, తయారీదారులలో అత్యధికులు ఆ పట్టికలను పరీక్షించినది విండోసుతో మాత్రమే. విండోసు మన్నించిన తప్పులయొద్ద లినక్సు తడబడెను.

ఇచ్చట ఒక వినోదము కలదు. ఆ పట్టికలలోని ప్రోగ్రాము, తన్ను నడుపుచున్నదెవరో తెలిసికొనుటకై, ‘విండోస్ 2009’ (అనగా విండోస్ 7), ‘విండోస్ 2015’ (అనగా విండోస్ 10) మొదలగు పేర్లను ఒక్కొక్కటిగా చదివి యడుగును. లినక్సు వానిలో ప్రతిదానికిని ‘ఔను’ అని బదులుచెప్పును. తన సొంతపేరు పెట్టి యడిగినచో మాత్రము ‘కాదు’ అనును! లినక్సు పేరిట వ్రాసిన భాగములను ఎవ్వరును సరిగా పరీక్షింపక విడిచిపెట్టుటయు, విండోసు పేరిట వ్రాసినవి నిత్యమును నలుగుచుండుటయు ఇందులకు హేతువులు. దీనిని కపటమనువారు అనవచ్చును. నాకు మాత్రము ఇది లోకజ్ఞతగా తోచుచున్నది.

అయితే లోపమంతయు పరులదే కాదు. కాలగణనకై సెకనుకు 100 మార్లు ప్రాసెసరును లేపు టైమరును పాత కెర్నెలు ఉంచుకొనియుండగా, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలు, చురుకుదనము పెంచవలెనను తలంపుతో, ఆ సంఖ్యను 1000కి పెంచినది. పరుండినవానిని క్షణమునకొకమారు తట్టి ‘ఏమైన పనియున్నదా?’ యని యడుగుచుండినచో వానికి గాఢనిద్ర యెట్లు పట్టును? పిమ్మట దానిని 250కి తగ్గించిరి. తుదకు థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ మొదలగువారి కృషి ఫలితముగా, 2007 ఏప్రిలులో వచ్చిన 2.6.21 కెర్నెలు తరువాతి పని యెప్పుడో ముందే లెక్కగట్టి, అంతవరకు ప్రాసెసరును కదపకుండ విడిచిపెట్టుట నేర్చుకొన్నది.

మరుసటి నెలలోనే ఇంటెల్ ‘పవర్‌టాప్’ అను పనిముట్టును విడుదల చేసినది. ఏ ప్రోగ్రాము ప్రాసెసరును సెకనుకు ఎన్నిమార్లు లేపుచున్నదో అది పేరుపేరున తెరపై జూపును. అప్పుడు తెలియవచ్చినదేమనగా, కెర్నెలు నిద్రపోదలచినను నిద్రపోనీయని వారు ఇంటినిండ నున్నారు: సీడీ డ్రైవులో ఎవరైన కొత్త బిళ్ల పెట్టినారేమోయని ఖాళీ డ్రైవును మాటిమాటికి తొంగిచూచు సేవ యొకటి, ఏ మార్పును లేకున్నను గడియగడియకు లేచి విచారించు చిల్లర ప్రోగ్రాములు మరికొన్ని. పేర్లు బహిరంగమైన తరువాత వాని రచయితలు ఒక్కొక్కరే సరిదిద్దుకొనసాగిరి.

2011లో ఈ కథ వెనుకకు నడచినది. ఆ యేడు వచ్చిన 2.6.38 కెర్నెలుతో కొన్ని ల్యాప్‌టాపులు ఎక్కువ కరెంటు త్రాగనారంభించెను. ప్రాసెసరునకును వైఫై కార్డు వంటి వానికిని నడుమనుండు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గములు కూడ పనిలేనప్పుడు నిద్రింపవలెను. ఆ సదుపాయము తమ యంత్రమున లేదని కొన్ని బయోసులు పట్టికలో వ్రాసి, లోలోపల దానిని అమర్చియుంచినవి. పట్టికను నమ్మిన లినక్సు ఆ యమరికను తీసివేసెను. విండోసు మాత్రము బయోసు అమర్చినదానిని కదల్పక యట్లే విడిచిపెట్టును. మాథ్యూ గారెట్ అను ప్రోగ్రామరు ఈ రహస్యమును గ్రహించి, లినక్సును గూడ అట్లే మెలగునట్లు సవరించుటతో, 2012 నాటికి చిక్కు విడినది.

ఇట్టి పోరాటములను చూచి, లినక్సునకు పొదుపు స్వభావసిద్ధముగా రాదనుకొనుట న్యాయము కాదు. క్రోమ్‌బుక్కులలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను ఉన్నది ఈ కెర్నెలే. యంత్రమును చేసినవాడే పూనుకొని నిద్రాద్వారములన్నియు చూపినచోట అది చక్కగానే నిద్రించుచున్నది.

ఇటీవలి చిక్కు మూత మూసినప్పటిది. పూర్వము మూత మూయగానే మెమరీకి తప్ప తక్కినవానికి దాదాపుగా కరెంటు ఆగిపోవు ‘ఎస్3’ నిద్ర యుండెడిది. ఇప్పటి పెక్కు యంత్రములలో దానిస్థానమున, ఫోనువలె సగము మెలకువతో నుండు పద్ధతి వచ్చినది. అందు ప్రతి భాగమును వేరువేరుగా నిద్రపోవలసియుండుటచేత, ఏదేనొక భాగమును నడుపు ప్రోగ్రామైన డ్రైవరు ఒక్కటి సహకరింపకున్నను సంచిలోని ల్యాప్‌టాపు వెచ్చబడి తెల్లవారునప్పటికి బ్యాటరీ అడుగంటును. 2018 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరవ తరమునకు మొదట ఎస్3 లేకుండుటచేత లినక్సువారు గగ్గోలు పెట్టగా, లెనోవో సంస్థ బయోసును సవరించి, నిద్రావిధానమున ‘విండోస్ 10’, ‘లినక్స్’ అను రెండు ఎంపికల నుంచినది. లినక్సు కొరకు ల్యాప్‌టాపు కొనదలచిన పాఠకులు, ప్రాసెసరు వేగమును విచారించుటకు ముందు, బయోసులో ఇట్టి యెంపిక కలదో లేదో కనుగొనుడు. కొన్న తరువాత రాత్రి మూత మూసి యుంచి, ఉదయమున ఎన్ని శాతములు తరిగినవో చూచి, అమ్మినవాడు వాపసు తీసికొను గడువులోపలనే నిర్ణయించుకొనుడు.